రోకలికి కట్టనివ్వని నా కప్పలు

మా చిన్నప్పుడు... పుత్తూరు దగ్గర మా పల్లెలో అందరూ కుక్కల్నీ కోళ్ళనీ పెంచుకుంటే, మా పెరట్లో నేను నాలుగు కప్పల్ని పెంచుకున్నాను. నవ్వుకోండి, నాకేం కాదు. అప్పుడూ నవ్వారు.

పగిలిన కుడితి తొట్టిలో తడి ఇసుక, ఒక మూల నీళ్ళ మూకుడు, నీడకు బోర్లించిన కుండపెంకు, పైన పాత దోమతెర... అదే వాటి ఇల్లు. కదలని తిండిని కప్ప ముట్టదు. అందుకే బడి నుంచి రాగానే పేడదిబ్బ కెలికి పురుగుల్ని, గట్ల మీద మిడతల్ని పట్టుకొచ్చేదాన్ని. "కప్పల్ని ముట్టిన చేత్తో కూడు తింటావా" అని అవ్వ రోజూ తిట్టేది. చేతులు కడుక్కొని, తిట్లతో సహా తినేదాన్ని.

ఒక ఏడు వాన ముఖం చాటేసింది. నాయన వేసిన చెనక్కాయ చేను కళ్ళముందే వాడిపోతోంది. అలాంటప్పుడు మా వైపు రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, పిల్లలు ఇంటింటికీ మోసుకెళ్తారు. ఆడవాళ్ళు దానిమీద నీళ్ళు పోస్తే వాన కురుస్తుందని నమ్మకం. చెరువు ఎండిపోయి ఊళ్ళో కప్పే దొరకలేదు. దాంతో మా పెదనాయన రోకలి పట్టుకొని, పిల్లల గుంపుతో నేరుగా మా పెరట్లోకే వచ్చాడు.

"ఒగ కప్పనియ్యి మే. సాయంత్రం మళ్ళా తెచ్చిస్తాం."

ఎలా తెచ్చిస్తారో నాకు తెలుసు... అంతకుముందు ఏడు కట్టిన కప్పను సాయంత్రం చూశాను. ఎండకు చర్మం బిగుసుకుపోయి, కట్టిన తాడుకే చచ్చి వేలాడుతోంది. నేను తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇయ్యను పెదనాయనా. నీళ్ళు పోయాలంటే నా మింద పోయండి."

"ఊరి కంటే కప్పలెక్కువై పాయనా దీనికి" అని అవ్వ తల కొట్టుకుంది.

నిజంగానే నా తలకు వేపాకు చుట్టి, ఉత్త రోకలిని నా భుజాన పెట్టి ఊరంతా తిప్పారు. ఇంటికి చెంబెడు నీళ్ళు నా నెత్తిన పోశారు. మూడు రోజులు జ్వరం... వాన మాత్రం రాలేదు. చేను ఎండిపోయింది. ఊరు తప్పంతా నా మీదికి నెట్టింది. బడిలో నా పక్కన కూర్చునేవాళ్ళు లేరు. ఏడ్చాను. అయినా తొట్టి దగ్గర కాపలా మానలేదు.

ఒకరోజు అంగడి దగ్గర ఒకాయన నాయనను నిలదీశాడు. "నీ కూతురు ఆ కప్పనిచ్చింటే చేను పండుండేది గదప్పా?"

నాయన తాపీగా అన్నాడు... "ఏటేటా కడతానే ఉండాం గదప్పా. ఏటేటా పండిందా?"

నష్టపోయిన మనిషి అన్న మాట అది. ఆ రోజు నాయన మీద పుట్టిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు నాకు.

ఇప్పుడు మా చెరువు ప్లాట్లయింది. వాన పడినా బెకబెకలు వినిపించవు. కప్పను అడిగేవాళ్ళూ లేరు... కాదనడానికి నా దగ్గర కప్పా లేదు.

ఇంట్లో, ఊళ్ళో అందరూ కాదన్నా మీరు అడ్డం నిలబడి కాపాడుకున్న ప్రాణి ఏది? చెప్పండి... సిగ్గుపడకండి, నేను పడలేదు.