కిటికీకి తగిలించిన తెల్లకోటు

ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకే చెప్తున్నాను. ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను. దండెం మీద తెల్లబట్ట గాలికి ఊగితే చాలు, ఇప్పటికీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంటాను.

అప్పుడు నరసన్నపేటలో కాపురం ఉండేవాళ్ళం. సముద్రం ఒడ్డున ఒక జాలరిపేటకు నర్సుగా వారం వారం వెళ్ళేదాన్ని. అంగన్‌వాడీ అరుగు మీద పిల్లలు వరసగా నిలబడి చేతులు చాపేవారు. గోళ్ళు చూసేదాన్ని, పళ్ళు చూసేదాన్ని, కాచిన నీళ్ళు తాగుతున్నారా అని అడిగేదాన్ని. మొదట్లో ఒక్కరూ విననేలేదు. నేను మళ్ళీ వస్తానని నమ్మకం కుదిరాక మాత్రం, సబ్బు కోసం వాళ్ళే తల్లుల ప్రాణాలు తోడేసేవారు. అందులో నా గొప్పేమీ లేదు, మానకుండా వెళ్ళానంతే. అది తెలిసి కూడా ఎందుకు మానేశాను?

ఎండలో ఇసక నడక విసుగొచ్చింది. అంతకు మించి కారణం వెతికితే దొరకడం లేదు. నా తెల్లకోటు ఒకటి అంగన్‌వాడీ కిటికీకి తగిలించి, సిస్టరమ్మ ఇందులోంచి చూస్తుందని పిల్లలకు చెప్పమన్నాను ఆయాతో. పెద్దవాళ్ళు అడిగితే నాకు జబ్బు చేసిందని చెప్పమన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

పిల్లలు నిజంగానే కోటుకు చేతులు చూపించేవారట. కోటు చెయ్యి గాలికి ఊగితే సరే అన్నట్టు, ఊగకపోతే మళ్ళీ కడుక్కు రమ్మన్నట్టు. ఆ లెక్క వాళ్ళకు ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు. ఆయా కూడా తనకు తెలీదని ఒట్టేసింది.

వాళ్ళలో నూకాలు అని ఒక పిల్ల. నేను వెళ్తే ముందుగా పరిగెత్తుకొచ్చి పళ్ళన్నీ చూపించేది. వానలు పడ్డాక దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఎవరికీ చెప్పకుండా ఒడ్డున పడవల చాటుకు పోయి పడుకుంది. తల్లి ఎండుచేపల గంపతో సంతకు వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చి, వెతికి, ఇంటికి మోసుకొచ్చేసరికే పరిస్థితి చెయ్యి దాటిపోయింది.

పిల్ల పోయిందని కబురు తెలిసి అప్పుడు వెళ్ళాను. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు.

"నూతినీళ్ళు తాగీసిందటమ్మా. కోటు సూసీసింది, సిస్టరమ్మకి సెప్పీస్తాదని బయపడి నక్కీసింది. ఆకర్న సేతులు సాపి, సూడు, కడుక్కున్నాను అన్నాది. నా ఏపు సూసి కాదమ్మా. గుమ్మంకాడ ఎవులూ లేరు, అటేపు సూసి అన్నాది." కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "నీకు జబ్బు సేసిందట గదా తల్లీ. ఇప్పుడు నెమ్మదించిందా?"

"నెమ్మదించింది" అన్నాను.

కోటు తీసేద్దామని అంగన్‌వాడీకి వెళ్ళాను. ఎవరో దాన్ని ఉతికి, మడత నలగకుండా తగిలించారు. పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, చేతులు చాపి. నేను పక్కనే నిలబడ్డాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. గాలి లేదు. కోటు చెయ్యి మెల్లగా ఊగింది.

దాన్ని ముట్టుకోలేకపోయాను. తర్వాత బొబ్బిలి వైపు బదిలీ చేయించుకున్నాను.

క్షమించమని అడగను. మీరు ఆ తల్లి కాదు కదా. ఆవిడకు చెప్పవలసిన మాట ఒకటి నోట్లోనే ఉండిపోయింది, అది ఇక్కడైనా అనేస్తే కాస్త ఊపిరాడుతుంది.

నాకు ఏ జబ్బూ చెయ్యలేదమ్మా.