వాండా నిలబడే చోటు

వాండా క్రాజెవ్‌స్కీ ఇరవై రెండేళ్ళుగా సిరక్యూస్ నగరం పక్క ఊళ్ళో బడి బస్సు నడుపుతోంది. ఆమె బస్సులో పిల్లలు కిక్కురుమనరు. అద్దంలోంచి ఒక్క చూపు చాలు. కూతుళ్ళు వలకర్రలతో బంతాడే లాక్రోస్ మైదానం పక్కన ఆ అద్దం ఉండదు గనక నోరు వాడుతుంది. ఊళ్ళో ఆమె అంటే ఇష్టపడేవాళ్ళు తక్కువ. ఆ సంగతి ఆమెకూ తెలుసు, లెక్కచెయ్యదు.

కాలేజీ కోచ్‌లంటే ఆమెకు ఒళ్ళు మంట. ఊరికే కాదు. పెద్దకూతురు క్రిస్టాను ఒక కాలేజీ తమ జట్టులో ఆడటానికి స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ తీసుకెళ్ళింది. రెండో ఏడు మోకాలు పోయింది, మూడో ఏడు స్కాలర్‌షిప్ పోయింది. చేర్చుకునే ముందు ఇంటికొచ్చి, వాండా ఉడికించిన ఉప్పు బంగాళాదుంపలు రెండు పళ్ళాలు లాగించి, "మీ అమ్మాయి నా సొంత కూతురే అనుకోండి" అన్న కోచ్ ఆ తర్వాత ఫోనెత్తలేదు. క్రిస్టా ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర రోగుల పేర్లు రాసుకునే పని చేస్తోంది. మెట్లు దిగాలంటే ఇప్పటికీ గోడ పట్టుకోవాలి.

చిన్నది టెగన్ గోల్‌కీపర్. దీన్నయినా మోసపోనివ్వనని వాండా పంతం పట్టింది. మిగతా తల్లిదండ్రులు కాలేజీల భవనాలూ గెలిచిన కప్పులూ చూసి నోరు తెరుస్తుంటే, ఆమె పాత జట్ల జాబితాలు బయటికి తీసింది. నాలుగేళ్ళ కిందట చేరిన పిల్లలెందరు, ఆఖరి ఏడాది ఫొటోలో మిగిలినవాళ్ళెందరు అని చూసి, కనబడని ప్రతి పేరు మీదా ఎర్ర పెన్నుతో గీత గీసింది. గీతలు ఎక్కువైన కాలేజీని కొట్టేసింది. ఆ కాలేజీల మ్యాచ్‌కి వెళ్ళినా ఆట చూడదు. ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్లలతో కోచ్ ఎలా మాట్లాడుతోందో చూస్తుంది. పద్నాలుగు కాలేజీలను వడపోస్తే నాలుగు తేలాయి.

జూలైలో డెలావేర్‌లో పోటీలు, కాలేజీల వాళ్ళు వచ్చి పిల్లల్ని ఏరుకునేవి. కోచ్‌లు మడత కుర్చీలు వేసుకుని వరసగా కూర్చుంటారు, ఒళ్ళో పిల్లల ఆట గురించి రాసుకునే పుస్తకాలు. రూలు ప్రకారం వాళ్ళు తల్లిదండ్రులతో మాట్లాడకూడదు, తల్లిదండ్రులు వాళ్ళను పలకరించకూడదు. నిలబడకూడదని మాత్రం ఎవరూ అనలేదు గనక వాండా సరిగ్గా ఆ కుర్చీల వెనకే నిలబడి, పుస్తకాల్లోకి తొంగిచూస్తూ, మధ్యమధ్య రెఫరీని దులిపేసింది.

"మా బస్సు పిల్లల్లో సగంమంది నీకంటే బాగా చూస్తారయ్యా. ఈలతో పాటు కళ్ళద్దాలు కూడా కొనుక్కో."

తిరిగొచ్చేటప్పుడు కారులో టెగన్ మెల్లగా అంది. "నువ్వు కారులోనే కూర్చోవచ్చుగా అమ్మా."

"కూర్చుంటే నీ తరఫున మాట్లాడేదెవరే?"

"నేను లేనూ?"

"నువ్వా? అన్నిటికీ తలూపడమే కదా నీకు తెలిసింది. మీ అక్కా అలాగే ఊపింది."

టెగన్ చెవుల్లో పాటలు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

సెప్టెంబర్ ఒకటి నుంచి కోచ్‌లు పిల్లలకు ఫోన్ చెయ్యొచ్చు. వడపోతలో తేలిన నాలుగు కాలేజీల కోచ్‌లలో ఒక్కరే చేశారని టెగన్ చెప్పింది. పెన్సిల్వేనియా కోచ్, మార్లిస్ హోల్ట్. మిగతా ముగ్గురినీ వాండా నెలంతా తిట్టిపోసింది. అక్టోబర్లో తల్లీకూతుళ్ళు వెళ్ళి హోల్ట్ గదిలో కూర్చున్నారు. వాండా కాఫీ కూడా ముట్టకుండా జాబితా తీసింది.

"నాలుగేళ్ళ కిందట పదకొండు మంది చేరారు. ఇప్పుడు ఏడుగురే. ఆ నలుగురూ ఏమయ్యారు?"

"ఇద్దరు వేరే కాలేజీకి మారారు. ఒకమ్మాయి ఆట మానేసి ఇక్కడే చదువుతోంది. ఒకమ్మాయిని నేనే పంపేశాను."

"ఎందుకు?"

"మీకు చెప్పను. రేపు మీ అమ్మాయి సంగతి ఇంకో తల్లికి చెప్పనట్టే."

ఆ జవాబులో వంక దొరకలేదు. దాంతో వాండాకు మరింత మండింది.

"మోకాలు పోతే?"

"ఆడినా ఆడకపోయినా నాలుగేళ్ళూ స్కాలర్‌షిప్ ఉంటుంది. చేర్చుకునే ఉత్తరంలో రాసిస్తాం." హోల్ట్ తన పుస్తకం తెరిచింది. "జూలైలో మీరు నా భుజం మీంచి దీంట్లోకి చూశారు. మీ అమ్మాయి పేరు పక్కన ఏం రాశానో కనబడిందా?"

"కోడి కెలికినట్టుంది మీ రాత."

"'తల్లి' అని రాసి చుట్టూ సున్నా చుట్టాను. ఆ సున్నా పడితే మామూలుగా ఆ పిల్లకు ఫోన్ చెయ్యను. మీరు కాలేజీలను వడపోసినట్టే మేం తల్లిదండ్రులను వడపోస్తాం."

వాండా మొహం కందగడ్డయింది. "మరి నా కూతురికెందుకు చేశారు?"

"మీరంత గొంతు చించుకుంటున్నా మీ అమ్మాయి ఒక్కసారి కూడా మీ వైపు చూడలేదు. నాకు అలాంటి గోల్‌కీపర్ కావాలి. అయితే ఒక షరతు ఉంది. మొదటి ఏడాది మ్యాచ్‌లకు మీరు రాకూడదు."

వాండా లేచి నిలబడింది. "నన్ను రావద్దనడానికి మీరెవరు? ఒక కూతుర్ని మీలాంటి వాళ్ళకు అప్పజెప్పి కుంటిదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. పదవే టెగన్."

టెగన్ కదల్లేదు.

"షరతు నాది కాదు" అంది హోల్ట్.

అప్పటిదాకా బూట్లు చూసుకుంటున్న టెగన్ తలెత్తింది. "నేనే పెట్టానమ్మా. నాలుగు కాలేజీల వాళ్ళూ ఫోన్ చేశారు. అందరినీ ఇదే అడిగాను. ముగ్గురు నవ్వేశారు. ఈవిడొక్కతే ఒప్పుకుంది. అందుకే నీకు ఈవిడ పేరొక్కటే చెప్పాను."

బల్ల మీద జాబితా అలాగే ఉంది, దాని మీద ఎర్ర పెన్ను. ఇరవై రెండేళ్ళలో ఏ పిల్లా ఆమెను అలా సూటిగా చూడలేదు.

చివరికి ఆమె కూతుర్ని కాదు, కోచ్‌ను అడిగింది. "మైదానంలో దీనికేదైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు?"

"మీకే."

"అది కూడా ఉత్తరంలో రాయండి" అంది వాండా, కూర్చోకుండానే.