గంగాలమ్మ ఎండిన రోజు

కొడుకు పెళ్ళి నాలుగు రోజులుందనగా, గంగాలమ్మ ఒంటినిండా ఉప్పు రాసుకుని, విశాఖపట్నం సముద్రపొడ్డున ఎండు చేపల పక్కన పడుకుని, సాయంత్రానికి సగం బరువు తగ్గిపోయింది. బైబిల్లో ఉప్పుస్తంభమైపోయిన ఆడమనిషి కథ కాన్వెంటు బడిలో సిస్టర్లు చెబితే నోరు తెరిచి నమ్మినవాళ్ళు దీన్ని ఎందుకు నమ్మరు? సరే, సగం అంటే మరీ సగం కాదు. చెమట పోయినంత తగ్గింది. ఒంటినిండా అన్నదీ కాస్త ఎక్కువే, మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా. ఎండిన మాట మాత్రం నిజం.

గంగాలమ్మది జాలరిపేట. భర్త గంగరాజు వేటాడి తెచ్చిన చేపల్ని గంపకెత్తి వీధి వీధీ తిరిగి అమ్మేది. నిండు విగ్రహం. అంత గంపా ఆమె నెత్తిమీద చంటిపిల్లాడి టోపీలా కనిపించేది. ఆ పేటలో కొత్త పడవ నీళ్ళలోకి దిగేముందు, కడుపునిండా తినే ఆడమనిషిని కాసేపు అందులో కూర్చోబెట్టేవారు. అలాంటి మనిషి కూర్చున్న పడవ ఖాళీగా తిరిగిరాదని వాళ్ళ నమ్మకం. ఏళ్ళ తరబడి ఆ కూర్చునే మనిషి గంగాలమ్మే. ఆమె ఎక్కాక పడవ కదలాలంటే ఇంకో నలుగురు చెయ్యి వేయాలి. వాళ్ళని కేకేయడం కూడా వేడుకలో భాగమే.

ఇంతలో ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది. దాంతోపాటే అందాల పోటీలు, పది రోజుల్లో పొట్ట కరిగించే బెల్టులు వచ్చాయి. నిన్నటిదాకా "ఒళ్ళు చేశావు, కళగా ఉన్నావు" అన్న నోళ్ళే "కాస్త తగ్గరాదూ" అనడం మొదలుపెట్టాయి. గంగాలమ్మ పట్టించుకోలేదు. అన్నవాళ్ళకి కొసరు వేయడం మానేసి ఊరుకుంది.

కొడుకు రాముకి పెళ్ళి కుదిరింది. పిల్ల ఎవరో కాదు, గంగాలమ్మకి తోబుట్టువంటూ ఉన్న ఒకే ఒక్కడు, గాజువాకలో స్థిరపడిన తమ్ముడి కూతురు అనూరాధ. పెళ్ళికి వారముందనగా ఏర్పాట్ల మాటలకి వచ్చినప్పుడు, ఆ ఇంట్లోనే ఉంటున్న పిల్ల పిన్ని గౌరీశ్వరి గొంతు సవరించుకుంది.

"ఒదినా, ఏటనుకోకు. స్టేజీ సిన్నది. రాము పక్కన నువ్వు నిలబడితే వీడియోలో పెళ్ళికూతురే కనపడదంట. నువ్వు కింద కుర్సీలో కూసో, సుకంగా ఉంటాది."

అందరూ నవ్వారు. రాము నవ్వలేదు, కాదనీ అనలేదు. గోరు కొరుక్కుంటూ నేల చూశాడు. గంగాలమ్మకి అదే గొంతులో చేపముల్లులా దిగింది. కొడుకు పక్కన నిలబడి తలంబ్రాలు చూడాలన్నది వాణ్ణి కన్ననాటి నుంచీ ఉన్న కోరిక.

మర్నాడు అన్నం మానేసింది. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి, గంప దించి వీధి అరుగుమీద కూలబడింది. ఇలా కాదనుకుని, బరువు తగ్గించడంలో తనకి తెలిసిన ఒకే ఒక్క విద్యకి దిగింది. పది కిలోల పచ్చి చేపకి ఉప్పు పట్టించి ఎండబెడితే మూడు కిలోలకి దిగడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. చేపకి పనిచేసేది మనిషికి ఎందుకు పనిచేయదు?

ఇసకలో చేపలెండబెట్టే వలపట్టా పరిచి, ఒంటికి ఉప్పు పట్టించుకుని, సన్నటి నెత్తళ్ళ చేపల వరస పక్కన వెల్లకిలా పడుకుంది. కాకుల్ని తోలే పాపాయమ్మ చేపల్ని ఒక్కొక్కటే తిరగేసుకుంటూ వచ్చి, ఈమె దగ్గర ఆగింది.

"ఈ పక్క అయిపోయినాదొదినా. ఇంక తిరుగు."

గంగాలమ్మ బుద్ధిగా బోర్లా తిరిగింది. సరిగ్గా అప్పుడే, పెళ్ళిచీర చూపిద్దామని వచ్చిన అనూరాధ మేనత్తని వెతుక్కుంటూ అక్కడికి చేరింది.

"అత్తా! ఏటి సేత్తన్నావ్?"

"ఎండుతన్నాను."

"ఎండి?"

"నీ పెళ్ళికి సన్నబడిపోతాను. వీడియోలో నువ్వూ కనపడాల, నానూ కనపడాల."

అనూరాధకి మొదట నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇసకలోనే చతికిలబడింది.

"పిన్ని నాకు ఒక్క పూటే అన్నమెడతంది అత్తా. వీడియోలో లావుగా పడతానంట. ఈ పేటలోకొత్తే మీ ఆడోళ్ళు నన్ను సూసి ఎండు నెత్తల్లంతన్నారు. నాను తినాలా, మానాలా?"

గంగాలమ్మ లేచి కూర్చుంది. పిల్ల మణికట్టు పట్టుకుని చూసింది. కొడుకు, స్టేజీ, కెమెరా అన్నీ ఆ క్షణానికి మరుపున పడ్డాయి.

"పాపాయమ్మా! నీ సద్ది ఇలా తే!"

చద్దన్నం, ఉల్లిపాయ, నిప్పులమీద కాల్చిన ఎండు చేప. మేనత్తా మేనకోడలూ ఒకే గిన్నెలో తిన్నారు. అన్నంలో ఉప్పు తక్కువైతే గంగాలమ్మ మోచేతి మీదది గీకి వేసిందంటారు. అది మాత్రం ఎవరో కల్పించి ఉంటారు.

పెళ్ళినాడు గంగాలమ్మ కింద కుర్చీలో కూర్చుంది. తలంబ్రాల వేళ అనూరాధ దోసిలి పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"అత్త రావాల."

"అమ్మా, ఆవిడొస్తే ఫ్రేములో పట్టరు" అన్నాడు వీడియో అతను.

"అయితే నువ్వే ఎనక్కి జరుగు."

గౌరీశ్వరి కొంగు సర్దుకుంది. రాము పీటమీంచి లేచి, మెట్లు దిగి, తల్లి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. వీడియో అతను వెనక్కి జరిగాడు. ఇంకా జరిగాడు. పందిరి రాట దాకా వెళ్ళాక అందరూ పట్టారు. ఆ దూరం నుంచి, తెరమీద ముగ్గురూ నిండుగా ఉన్నారు. అనూరాధ బుగ్గలతో సహా.

ఏడాది తిరక్కుండా రాము కొత్త పడవ కొన్నాడు. అందులో గంగాలమ్మ కూర్చుంది, పక్కన కోడలు కూర్చుంది. ఈసారి ఆరుగుర్ని కేకేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎవరైనా ఈ సంగతి ఎత్తితే చాలు, గంగాలమ్మ గంప దించి నడుం మీద చేతులు వేసుకుంటుంది.

"ఉప్పా? నానా? సేపలకే సాలని ఉప్పు మనిసికెవులు రాత్తారు? ఆ దినం నాను ఇల్లే కదల్లేదు. పెళ్ళిలో కుర్సీలోంచి లేవనే లేదు. కేసెట్లో ఉన్నదా? అది నాను కాదు, మా సెల్లి."