రోబోకి నిమ్మకాయ తొక్కించాను, అయితే ఏంటంట?

ముందే చెప్తున్నా. పూజ చేసింది నేనే. సైన్సు టీచర్నే, చదువుకున్నదాన్నే, అయినా చేశాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసి టీ తాగేయండి. మొన్న శుక్రవారం నా కొంగు రోబో చక్రాల్లో ఇరుక్కుని, ఆఫీసర్ మేడం కాళ్ల దగ్గర నేను వంగిపోయి ఉన్న ఫొటో మీ ఫోన్లకి కూడా వచ్చే ఉంటుంది. ఫొటో అయితే అందరూ పంపారు, అసలు ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. నా నోటనే వినండి!

దాచేపల్లి పక్క ఊళ్లో హైస్కూలు మాది. కిందటేడు మాకు రోబో కిట్లు వచ్చాయి. ప్లాస్టిక్ ముక్కలు, బుల్లి మోటార్లు, చక్రాలు, రంగుల్ని గుర్తుపట్టే సెన్సరు. దాన్ని నడపడానికి ఇంగ్లీషులో టైపు కొట్టే పని లేదు. లాప్‌టాప్‌లో రంగురంగుల బ్లాకులుంటాయి. 'ముందుకు పో', 'తిరుగు', 'ఆగు' అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. మౌసుతో లాక్కొచ్చి ఒకదాని కింద ఒకటి అతికిస్తే, బండి ఆ వరసలోనే నడుస్తుంది. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి అదంటే ప్రాణం. లంచ్ బెల్లు కొట్టినా లాబ్ లోంచి బయటికి రారు.

మా లెక్కల మాస్టారు కోటేశ్వరరావు గారికి మాత్రం ఒళ్లు మంట. "ఏంది మేడం, బొమ్మ కార్లు తోలుకోడానికి కూడా పీరియడ్లా? ఇంక టెన్త్ రిజల్టు దేవుడే చూసుకోవాల!" అని స్టాఫ్ రూమంతా వినపడేట్టు అనేవారు.

ఇంతలో పిడుగులాంటి వార్త. సరిగ్గా వాడని కిట్లని వేరే స్కూళ్లకి మార్చేస్తున్నారంట. నరసరావుపేట నుంచి ఆఫీసర్ మేడం శుక్రవారం వచ్చి చూస్తుందంట. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "అమ్మా, ఆవిడకి నచ్చకపోతే సాయంత్రానికి అట్టపెట్టెలు కట్టడమే" అన్నారు. ఆ మాట విని మా రోబో పిల్లల టీమ్ లీడరు మస్తాన్‌బీ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకైతే కోపమొచ్చింది. పిల్లలు ఇంత కష్టపడి నేర్చుకుంటే పెట్టెలు కట్టడమేంటి?

ప్లాను వేశాం. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తిరగేసి, వెనక తెల్లటి వైపు నల్ల టేపుతో దారి అతికించాం. బండి మీద ట్రే, ట్రేలో పూలగుత్తి. దారి చివర మేడం కుర్చీ, కుర్చీ ముందు ఎర్ర చార్టు ముక్క. మస్తాన్‌బీ బ్లాకులు పేర్చింది: ఎరుపు కనిపించేదాకా నల్ల గీత వెంట పో. కనిపిస్తే ఆగు. హారన్ కొట్టు. ట్రే వంచు. రెండు చుట్లు తిరుగు. గురువారం ఎన్నిసార్లు తోలినా గీత దాటలేదు. బంగారంలాంటి ప్రోగ్రాం!

ఆ సంగతి సంబరంగా ఇంట్లో చెప్పాను. అక్కడే దెబ్బ పడింది.

మా ఆయనకి రెండు లారీలున్నాయి, క్వారీ నుంచి సున్నపురాయి తోలతారు. మా ఇంట్లో చక్రమున్న ఏ వస్తువైనా నిమ్మకాయ తొక్కాకే గడప దాటాలి. లారీలు సరే, గ్యాస్ సిలిండరు దొర్లించే స్టాండుకి కూడా తొక్కించాం. నేను చెప్పింది విని మా అత్తయ్య చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"ఏమే, కొత్త బండిని అంత మంది ముందు ఉత్తినే తోలతావా? దిష్టి తగలదూ?"

"అత్తయ్యా, అది బొమ్మ బండి."

"చక్రాలున్నయ్యా, లేవా?"

"ఉన్నాయి."

"ఇంకేంది మరి!"

నిజం చెప్పనా, నాకూ లోపల భయంగానే ఉంది. అందుకే పొద్దున్నే అత్తయ్య ఇచ్చిన సంచి తీసుకుని లాబ్‌కి వెళ్లాను. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, మధ్య మధ్య మరువం పెట్టిన చిన్న బంతిపూల దండ. కొబ్బరికాయ వరండాలో కొట్టాను. బండి చక్రాలకి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాను, బండికి దండ వేశాను. నిమ్మకాయ చూస్తే చక్రం కంటే పెద్దది! కోసి, బద్దలు చక్రాల కింద పెట్టి స్విచ్ వేస్తే ఆ మోటారు మూలిగింది తప్ప కదల్లేదు. చివరికి బండిని రెండు చేతులతో పట్టుకుని నేనే తొక్కించాను. రసం చిమ్మింది. శాస్త్రం పూర్తయింది.

మళ్లీ ఒకసారి ట్రయల్ వేసుకోవచ్చుగా అంటారు. పూజ చేశాక ట్రయల్ వేస్తారా ఎవరైనా? తొలి పరుగు మేడం కోసమే అని కూర్చున్నా.

మేడం వచ్చింది. సన్నగా, నవ్వని మొహం. వెళ్లి చివర కుర్చీలో కూర్చుంది. దారికి ఇటూ అటూ స్టాఫంతా నిలబడ్డారు. మొదట్లోనే చేతులు కట్టుకుని కోటేశ్వరరావు గారు. మస్తాన్‌బీ లాప్‌టాప్‌లో బండిని కదిలించే ఆకుపచ్చ జెండా గుర్తు నొక్కింది. బండి బయల్దేరింది. రెండడుగులు పోయిందో లేదో, టక్కున ఆగింది. హారన్ కొట్టింది. ట్రే వంచి పూలగుత్తిని కోటేశ్వరరావు గారి కాళ్ల మీద పడేసింది. ఆయన ముందే రెండు చుట్లు తిరిగింది.

వెనక ఉన్న పిల్లలు ఇదే కార్యక్రమం అనుకుని చప్పట్లు!

"నాకెందుకమ్మా ఇయ్యన్నీ," అంటూ ఆయన ముసిముసి నవ్వులు.

వంగి చూద్దును కదా, బండి కింద ఎర్రగా కుంకుమ. నిమ్మరసంతో తడిసిన చక్రాలు పూజ సామానంతా దారి పొడుగునా మోసుకుపోతున్నాయి! తడిగుడ్డ తెచ్చి తుడిచాను. తుడిచేకొద్దీ ఇంకా పాకి ఫ్లెక్సీ సగం ఎర్రబడింది.

అయినా తగ్గుతానా? లాప్‌టాప్ లాక్కుని బ్లాకులో 'ఎరుపు' తీసి 'పసుపు' పెట్టాను. మేడం ముందు పసుపు చార్టు ముక్క వేశాను. ఆ క్షణంలో నా బుర్ర ఎక్కడికి పోయిందో తెలీదు. బండికి అంతకుముందే చేతులారా పసుపు పూసింది నేనే కదా! రెండోసారి పూలగుత్తి హెడ్మాస్టరు గారికి దక్కింది. ఆయన దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలీక వీపు వెనక పెట్టుకున్నారు.

ఆయన దగ్గర్నుంచి గుత్తి లాక్కుని మళ్లీ ట్రేలో పెట్టి, బ్లాకులో 'ఆకుపచ్చ' పెట్టాను. ఈసారి కొంచెం దూరం పోయింది. నా గుండె తేలికపడింది. అంతలో దండలోంచి రాలిన మరువం రెబ్బ ఎదురొచ్చింది. ఒక ఖాళీ కుర్చీ ముందు ఆగి, హారన్ కొట్టి, వంగి, గౌరవంగా రెండు చుట్లు తిరిగింది.

"ఆ కుర్చీలో ఎవరున్నారు?" అంది మేడం. చచ్చేంత సిగ్గేసింది.

తెలుపంటే ఫ్లెక్సీ, నలుపంటే దారి. సెన్సరు గుర్తుపట్టే రంగుల్లో ఇక మిగిలింది నీలం ఒక్కటే. పూజలో నీలం లేదు, ఆ దేవుడి దయ! కానీ నీలం చార్టు కూడా లేదు. చూసుకుంటే నేను కట్టుకున్నది నీలం చీర. ఇంకేం, వెళ్లి మేడం కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని కొంగు నేల మీద పరిచాను.

"టీచర్, వద్దు టీచర్! అది తిరుగుద్ది!" అని అరిచింది మస్తాన్‌బీ.

"తిరగనీయ్‌వే, ముందు నొక్కు!"

నొక్కింది. ఆహా, ఏం వచ్చిందండీ ఆ బండి! కుంకుమ దాటింది, పసుపు దాటింది, మరువం దాటింది. సూటిగా వచ్చి నా కొంగెక్కి ఆగింది. హారన్ కొట్టింది. ట్రే వంచింది. పూలగుత్తి మేడం కాళ్ల దగ్గర కాదుగానీ నా ఒళ్లో పడింది. ఆ తర్వాత తిరగడం మొదలుపెట్టింది. మొదటి చుట్టుకి కొంగు చక్రంలోకి పోయింది. రెండో చుట్టుకి నా తల బండి దగ్గరికి పోయింది. మోటారు బిగుసుకుని రంయ్‌మంటోంది. లేవలేను, లాగలేను. మీరు చూసిన ఫొటో సరిగ్గా అప్పటిదే. తీసింది కోటేశ్వరరావు గారే, నాకు తెలుసు.

మస్తాన్‌బీ లాప్‌టాప్‌లో ఆపేసింది. మేడం తనే కిందకి వంగి చక్రం లోంచి కొంగు విడదీసింది. చేతికి అంటిన కుంకుమ చూసుకుంది.

"ఎవరు చేశారండీ ఈ పూజ?"

హెడ్మాస్టరు గారు ఫ్యాను వంక చూస్తున్నారు. స్టాఫంతా నేల వంక. నాకు ఒళ్లు మండింది.

"నేనే మేడం. మా ఇంట్లో లారీకి చేస్తాం, దీనికీ చేశాను. పిల్లలు కట్టుకున్న మొదటి బండి ఇది. తప్పయితే నన్ననండి. కిట్లు మాత్రం పట్టుకుపోవద్దు."

మేడం మస్తాన్‌బీని దగ్గరికి పిలిచి, "ఏమ్మా, బండి ఎందుకు అన్నిచోట్ల ఆగింది?" అంది.

పిల్ల లాప్‌టాప్ తిప్పి ఒక్కో బ్లాకూ చూపిస్తూ చెప్పింది. "ఎరుపు కనపడితే ఆగమన్నాం మేడం, కుంకుమ కనపడింది, ఆగింది. పసుపు అన్నాం, పసుపు కనపడింది, ఆగింది. బండికి పూజని తెలీదు మేడం, రంగొక్కటే తెలుసు." అలా మరువం దాకా, కొంగు దాకా పూస గుచ్చినట్టు చెప్పింది. కోటేశ్వరరావు గారు కూడా ముందుకొచ్చి వింటున్నారు!

"మరి తప్పు ఎక్కడుందో పట్టుకున్నావా?"

"పట్టుకున్నా మేడం. ప్రోగ్రాంలో లేదు. బండిలో లేదు." పిల్ల తలొంచుకుని, మెల్లగా వేలెత్తి నన్ను చూపించింది.

అప్పుడు నవ్విందండీ ఆ మేడం! అందరూ నవ్వారు. నవ్వనీయండి. ఎవరు చేసినా సరే తప్పుని భయపడకుండా చూపించమని ఏడాదిగా ఆ పిల్లలకి చెప్తోంది ఎవరు? నేనే! కిట్లు మా స్కూల్లోనే ఉంటాయని మేడం అక్కడికక్కడే చెప్పేసింది. ఇక ఆ తప్పంటారా, అది కూడా మా స్కూల్లోనే ఉంటుంది. నా ట్రాన్స్‌ఫర్‌కి ఇంకా చానా టైముంది.