ఆ పొద్దుటి బీపీ గోలి

మా పై వాటా డాక్టరమ్మ మొన్న ఆదివారం పోయారు. కబురు వినగానే నాన్న చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కారు. ఆ కాళ్లు అలా ఎక్కుతుంటే కింద నుంచి చూస్తూ ఉండిపోయాను. ఎందుకో మీకు చెప్పాలి.

ఆవిడ మత్తు డాక్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను క్యాంపస్‌లో ఎంఏ పేరుతో నినాదాలు చదివేవాణ్ణి. ఇంటికొస్తూ మెట్ల మీద ఆవిడ ఎదురైతే మొహం తిప్పుకునేవాణ్ణి. "గొంతు బొంగురుపోయింది బాబూ, ఉప్పునీళ్లు పుక్కిలించు. రేపు మళ్లీ అరవాలిగా" అనేవారు. ఎవరిని పొమ్మని అరుస్తున్నానో ఆవిడకు తెలియక కాదు.

నాన్న అప్పుడు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వీపు దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆపరేషన్ తప్పదన్నారు. మత్తిచ్చేది డాక్టరమ్మే. ముందురోజు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. బోర్లా పడుకోబెట్టి వెన్ను తెరిచాక బీపీ బాగా పడిపోతే వెన్నుపాముకు రక్తం అందదట, కాళ్లు చచ్చుబడొచ్చట. "ఆయన రోజూ వేసుకునే బీపీ బిళ్ల రేపు పొద్దున వద్దు. అది ఒంట్లో ఉంటే, పడిన బీపీ మా మందులకు ఓ పట్టాన లేవదు. అమ్మకి చెప్పు, మర్చిపోకు" అన్నారు.

తలూపి క్యాంపస్‌కు వెళ్లాను. మీటింగు హడావుడిలో మర్చేపోయాను. తెల్లారి అమ్మ ఎప్పటిలాగే గుక్కెడు నీళ్లతో గోలి వేసేసింది.

ఆపరేషన్ గంటల తరబడి సాగింది. బయటికొచ్చిన డాక్టరమ్మ మొహం పీక్కుపోయి ఉంది. బీపీ ఉన్నట్టుండి పడిందనీ, మామూలు మందుకు లేవకపోతే నోరాడ్రినలిన్ అనే గట్టి మందు పెట్టి, అది ఎక్కించే పంపు పక్కనే నిలబడి కాస్త పెంచుతూ కాస్త తగ్గిస్తూ నిలబెట్టాననీ చెప్పారు. "పొద్దున బిళ్ల వేశారా?"

"నేనే ఏసిన మేడమ్. ఒక్కరోజు గూడ ఇడవద్దన్నరు గద" అంటూ అమ్మ ఏడ్చింది.

నేను తల దించుకున్నాను. డాక్టరమ్మ నా వైపు ఒక్క చూపు చూసి, అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మీకు చెప్పడం నేనే మర్చిపోయానమ్మా. తప్పు నాది."

నాలుగో రోజు నాన్న లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఒకసారి మెట్ల మీద ఆవిడను ఆపి క్షమించమన్నాను. "అమ్మకి నువ్వే చెప్పుకో, వీలైనప్పుడు" అన్నారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. రాష్ట్రం వచ్చిన రోజు బెరుకుగా మిఠాయి పట్టుకెళ్తే, ఒకటి నోట్లో వేసుకుని "గొంతు బాగుందా?" అని నవ్వారు.

అమ్మకు మాత్రం నేను చెప్పనే లేదు. సిగ్గుచేటు, అయినా నిజం.

ఆదివారం అమ్మ ఆవిడ తల దగ్గర కూర్చుని, వచ్చిన చుట్టాలతో అంటోంది: "మా ఆయన కాళ్లు నిలబెట్టింది. గా గోలి సంగతి చెప్పుడు మర్శింది గని, దేవతసొంటి మనిషి."

"మర్చిపోలేదమ్మా. నీకు చెప్పమని నాకు చెప్పారు" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. లేచి వెళ్లి, డాక్టరమ్మ పాదాలు కొంగుతో మెల్లగా తుడిచింది. నాన్న అక్కడే ఉన్నారు. ఎవరో కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆవిడను తీసుకెళ్లేదాకా ఆ పాదాల దగ్గర నిలబడే ఉన్నారు.