ఫోటో కింద నాలుగు మాటలు

నేను నారాయణఖేడ్ డిపోలో కండక్టర్ని. కొన్నేళ్ళుగా మనూర్ వైపు తిరిగే బస్సు నాది. చివరి ఊళ్ళో బస్సు ఆగగానే డ్రైవర్ చాయ్‌కి పోతాడు, నేను చేల గట్టు ఎక్కి ఫోన్లో ఫోటోలు తీస్తాను. జొన్న కంకులు, కంది చేలో మేకలు, వాన వెలిసిన తర్వాత నల్ల రేగడి మీద చెప్పుల ముద్రలు. వాటిని అందరూ ఉండే పెద్ద సోషల్ మీడియాలోనే నేనూ పెట్టేదాన్ని. రానురాను అక్కడ నా ఫోటోలు సొంత అక్కకే కనబడడం మానేశాయి. నా ఫోన్లో మాత్రం చీరల ప్రకటనలు, ఎవరెవరివో తిట్లు.

హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా ఆడబిడ్డ సెలవుకు వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను.

"గా లొల్లిల ఎందుకుంటవ్ వదినా? వేరే జాగ ఉంది. దానికి ఒక్క మాలిక్ అంటూ లేడు," అంది.

"మాలిక్ లేకుంట ఎట్ల నడుస్తది?"

"శానామంది మాలిక్‌లు ఉంటరు. తలా ఒక చిన్న సర్వర్ నడిపిస్తరు. నువ్వు ఏదో ఒకదాంట్ల చేరితే, తక్కిన సర్వర్లల్ల ఉన్నోళ్ళతోని గూడ మాట్లాడొచ్చు. మీ డిపో బస్సు జహీరాబాద్ బస్టాండుకు పోతలేదా? గట్లనే."

దానికి వికేంద్రీకృత సామాజిక మాధ్యమం అనే పెద్ద పేరుందట. పేరు నోరు తిరగలేదు కానీ, డిపో మాట ఎత్తేసరికి సంగతి సగం అర్థమైంది.

తెలుగువాళ్ళ కోసం ఎవరో నడుపుతున్న చిన్న సర్వర్ ఒకటి వెతికి ఇచ్చింది. చేరబోతే, ఎందుకు చేరాలనుకుంటున్నారు అని ఆ సర్వర్ అడిగింది. అంతవరకు ఫోన్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. కాసేపు ఆలోచించి, "నేను బస్సు కండక్టర్ని. బస్సు ఆగినచోట ఫోటోలు తీస్తాను. అవి చూసేవాళ్ళు కావాలి," అని రాశాను. మర్నాడు అనుమతి వచ్చింది. దాంతోపాటు సర్వర్ నడిపే మనిషి దగ్గర్నుంచి ఒక చిన్న సందేశం: "రండి. మీ దారి మాకూ చూపించండి."

సంబరంగా జొన్న చేను ఫోటో పెట్టాను. ఎవరూ పలకలేదు. ఇంకోటి పెట్టాను. అదీ అంతే. టికెట్లు కొడుతూ మధ్యమధ్య ఫోన్ తీసి చూసుకోవడం, మళ్ళీ సంచిలో పడేయడం. చివరికి ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

"ఈడ పిట్ట గూడ లేదు గదా."

"ఈడ ఎవ్వరూ నిన్ను మంది ముందటికి తీస్కపోయి పెట్టరు వదినా. నువ్వే ఎతుక్కోవాలె, నచ్చినోళ్ళను ఫాలో గావాలె, మాట కలపాలె. కొత్త కోడలుగ వచ్చినప్పుడు నువ్వే పోయి అందరిని పలకరించలేదా?"

"నేనేడ పలకరించిన? మీ వాడకట్టంత నన్ను సూడనీకె ఇంటికే వచ్చిన్రు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆమె మాట విన్నాను. పసుపు పండించే రైతు ఒకాయన, పాత రైలు స్టేషన్ల ఫోటోలు పెట్టే టీచరమ్మ, రోజూ వాళ్ళింటి పిల్లి గురించి రాసే ఒకామె. వీళ్ళను వెతికి పట్టుకుని, చూసినవాటికి ఒకటి రెండు మాటలు రాయడం మొదలుపెట్టాను. వాళ్ళూ తిరిగి రాశారు. పండగ సంతలో తెలిసిన మొహం కనబడ్డట్టయింది.

చలికాలంలో కుసుమ చేను పూసింది. ఆ ఫోటో పెట్టిన మర్నాడు ఒక జవాబు వచ్చింది. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకామె రాసింది.

"నమస్తే అండీ. నాకు చూపు లేదు. ఫోన్ అన్నీ చదివి వినిపిస్తుంది. మీ ఫోటో దగ్గరికి వచ్చేసరికి 'బొమ్మ' అని ఊరుకుంటోంది. ఫోటోతో పాటు వివరణ రాసే వీలుందండీ ఇక్కడ. ఏముందో కాస్త రాస్తారా?"

ఆ వీలుందని నాకు తెలియదు. వెతికితే దొరికింది. "కుసుమ చేను" అని రాసి ఊరుకున్నాను. వెంటనే ఆమె అడిగింది: "నేనెప్పుడూ కుసుమ మొక్కను ముట్టుకోలేదండీ. ఎంత ఎత్తుంటుంది? ఏ రంగు?"

మోకాలి పైదాకా ఉంటుందనీ, ఆకులకు ముళ్ళుంటాయనీ, చీర కుచ్చిళ్ళలోంచి గుచ్చుకుంటాయనీ, పువ్వు నారింజ రంగనీ రాశాను. ఆమె జవాబిచ్చింది. చిన్నప్పుడు కొంచెం చూపుండేదట. పసుపు, ఎరుపు జ్ఞాపకం ఉన్నాయట. నారింజ గుర్తు లేదట.

మర్నాడు బస్సులో డ్రైవర్‌ను అడిగాను.

"అన్నా, నారింజ రంగు ఎట్లుంటదే, కండ్లు లేనోళ్ళకు చెప్పాల్నంటే?"

"పొద్దుగాల్నే పరేషాన్ జేస్తవేందమ్మా! నారింజ నారింజ లెక్కనే ఉంటది," అన్నాడు.

ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుంటున్న ముసలమ్మ మా మాటలు విన్నది. "ఏ పువ్వు సంగతి?" అని అడిగింది.

"కుసుమ పువ్వు అవ్వా."

"గది పూసినప్పుడు పసుపు, వాడిపోంగ ఎరుపు. నడిమిట్ల రంగే నువ్వు సూసింది. గట్ల చెప్పు."

బస్సు ఆగగానే ఆ మాట అలాగే రాశాను. "ఇప్పుడు కనిపించిందండీ," అని జవాబు వచ్చింది. గట్టు మీద నిలబడి దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

అప్పటినుంచి వివరణ లేకుండా ఒక్క ఫోటో పెట్టలేదు. రాయాలంటే చూడాలి కదా. ఇన్నాళ్ళూ అదే దారిలో తిరుగుతూ, కంది పువ్వు రేకుల వెనక ఎర్రటి గీతలుంటాయని గమనించనే లేదు. డ్రైవర్ కూడా చాయ్ గ్లాసు పట్టుకుని నా వెనకే రావడం మొదలుపెట్టాడు. "నల్లమన్ను అని రాస్తే ఎట్ల? పగుళ్ళు రాయి," అనేవాడు. కాకినాడ ఆమె మాత్రం తాను విన్నవి రికార్డు చేసి పెట్టేది: చేపల రేవులో వేలంపాట, రేకుల మీద వాన. వాటిని నేనూ డ్రైవరూ బస్సు మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం.

ఎండలు ముదిరే రోజుల్లో సర్వర్ నడిపే ఆయన ఒక సంగతి తెలియజేశాడు. ఇంట్లో పసిబిడ్డ పుట్టిందనీ, ఇక దీన్ని చూసుకోలేననీ, మూసేలోగా అందరూ వేరే సర్వర్లకు మారిపొమ్మనీ. ఆడబిడ్డకు ఫోన్ చేస్తే కొట్టిపారేసింది.

"దానికి ఏడుస్తవేంది? వేరేదాంట్ల చేరు. పాతదాంట్ల గా కొత్త పత్తా పెట్టు. నిన్ను ఫాలో అయ్యేటోళ్ళు ఆళ్ళంతట ఆళ్ళే నీ ఎంబడి వస్తరు."

"ఫోటోలు?"

"ఫోటోలు రావు వదినా. మనుషులు వస్తరు."

చెప్పినట్టే చేశాను. ఆ సర్వర్ ఆయనకు, బిడ్డ చల్లగా ఉండాలని రాసి, కొత్త చోటికి మారాను. మొదట ఖాళీగానే ఉంది. సాయంత్రానికి పసుపు రైతు కనబడ్డాడు. తర్వాత టీచరమ్మ, పిల్లి ఆమె. పాత ఫోటోలు, వాటి కింద జరిగిన మాటలు లేవని దిగులు వేసింది కానీ, పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే అది నిలవలేదు.

మర్నాడు డ్యూటీలో ఉండగా కాకినాడ ఆమె నుంచి సందేశం వచ్చింది: "నేనూ వచ్చేశానండీ. కొత్తింట్లో మొదటి ఫోటో ఏంటి?"

చివరి ఊళ్ళో దిగి చూశాను. దుక్కి దున్నిన చేను, అవతల మబ్బు. తీసి, గట్టు మీదే కూర్చుని రాయడం మొదలుపెట్టాను: ఇంకా వాన పడలేదు, మన్ను వాసన మాత్రం వస్తోంది, దూరంగా ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని జల్దీ జల్దీ నడుస్తున్నారు.

డ్రైవర్ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇగో, ఈ మూలకు నా చెయ్యి, చాయ్ గ్లాసు పడ్డయ్. గది గూడ రాయి."

రాశాను.