గాల్లో గంటంబావు

మా ప్రొడక్షన్ మేనేజర్ గారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. షేక్‌పేటలో వాళ్లింటికి వెళ్లి కడసారి చూసి వచ్చాను. ఏడ్చాం, నిజమే. కానీ అక్కడ చేరిన సినిమావాళ్లందరం ఆయన కబుర్లు చెప్పుకుని నవ్వాం కూడా. నా కబురు మీకూ చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఫిల్మ్‌నగర్ ఆఫీసులో మా అందరి ప్రయాణాలూ ఆయనే చూసేవారు. వైజాగ్ వెళ్లడానికి ఎంతసేపని అడిగితే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "గాల్లో గంటంబావు. నేల మీది లెక్క చెప్పాల్నా?" అనేవారు. ఇక మొదలు. జూబ్లీహిల్స్ ట్రాఫిక్కు, శంషాబాద్ దాకా దారి, చెకింగ్ దగ్గర వరస, దిగాక బెల్టు మీద పెట్టె కోసం పడిగాపులు. ఎంత పెద్ద హీరో విసుక్కున్నా ఆ లెక్కలో ఒక్క నిమిషం తగ్గించేవారు కాదు.

ఆ కబురు నా మొదటి సినిమా నాటిది. కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుని. కథలో హీరో కత్తిపోటు తిని, తలుపు తోసుకుని సముద్రం ఒడ్డుకి వస్తాడు. తలుపు ఇవతల ఫిల్మ్‌నగర్ సెట్టు, అవతల వైజాగ్ బీచి. తెర మీద ఒక్క అడుగు, రోడ్డు మీద ఆరొందల కిలోమీటర్ల పైచిలుకు. ఇలాంటి సీనుకి ఒకేలాంటి చొక్కాలు రెండు కుట్టిస్తాం, ఒకటి శుభ్రంగా, ఒకటి నెత్తుటి మరకతో. షూటింగ్ రోజు పొద్దున వైజాగ్‌లో పెట్టె తెరిచానా, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా నన్ను చూసి నవ్వింది. మరక చొక్కా హైదరాబాద్‌లోనే ఉండిపోయింది.

కొత్తగా రంగు పూద్దామంటే దగ్గరి షాటు, సెట్టులో తీసినదానితో మరక ఆకారం కలవదు. నాలుగింటి ఎండలోనే తీయాలి, సాయంత్రం హీరో వెళ్లిపోతారు. నా ఉద్యోగం ఊడినట్టేనని అర్థమైపోయింది. ఏడుస్తూ మేనేజర్ గారికి ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు. నిమిషాలు గొణుక్కుంటూ లెక్క వేసుకుని, "ఫికర్ చెయ్యకు బిడ్డా. మూడున్నరకు బీచిల ఉంటా," అన్నారు.

కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకి పరుగెత్తాను. విమానం దిగిందని బోర్డు మీద పడగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. అందరికంటే ముందు ఆయనే బయటికొచ్చారు, చేతులు ఊపుకుంటూ. సంచీ లేదు, పెట్టె లేదు.

"సార్, చొక్కా ఏదండీ?"

ఆయన తాపీగా తన చొక్కా గుండీలు విప్పారు. లోపల ఒంటి మీద హీరో చొక్కా, నెత్తుటి మరకతో సహా. పొట్ట దగ్గర రెండు గుండీలు పట్టనే లేదు.

"మడిస్తే మరక రాలుతది. పెట్టెల ఏస్తే బెల్టు కాడ అరగంట," అన్నారు.

విమానంలో సీటు బెల్టు మరకకి తగలకుండా గంటంబావూ చేత్తో ఎత్తి పట్టుకున్నారట. కారులో కూడా నిటారుగా, కదలకుండా కూర్చున్నారు. నేను మాత్రం నవ్వుతూ, ఏడుస్తూ, డ్రైవర్‌ని తొందరపెడుతూనే ఉన్నాను. మూడూ ఇరవై అయిదుకి బీచిలో దిగాం.

హీరో ఆ చొక్కా తొడుక్కుంటూ ఆగారు. "ఏంటమ్మా, ఇప్పుడే ఇస్త్రీ చేశావా? ఇంత వెచ్చగా ఉంది," అన్నారు.

ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా చూస్తాను. తలుపు తెరుచుకుంటుంది, ఆ చొక్కా సముద్రపు ఎండలోకి అడుగు పెడుతుంది. అందులో మా మేనేజర్ గారి ఒంటి వెచ్చదనం ఇంకా ఉంది.